మంచుగడ్డ క్రింద

మన కొల్లేటి ప్రాంతములో చేపల చెరువులు పెట్టినవారికి చలికాలమంటే అంత భయముండదు. తెల్లవారుజామున మంచు కురిసినా నీళ్ళు గడ్డకట్టడం మనమెరుగం. మన భయమంతా మబ్బు పట్టిన రోజులంటేనే. ఎండ లేని రోజు గడిచి మరునాడు తెల్లవారేసరికి నీటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. బొచ్చెలు, శీలావతులు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. మా తమ్ముని చెరువు గట్టున నిలబడి ఆ దృశ్యం అనేక పర్యాయాలు చూశాను. అయితే చెరువు పైభాగమంతా రాయిలా బిగుసుకుపోతే క్రిందనున్న చేపలు ఎలా బ్రతుకుతాయో మాత్రం 2019 జనవరిలో, మా అమ్మాయి ఇంటి పెరటిలో తెలుసుకున్నాను.

అమ్మాయి, అల్లుడు అమెరికాలో షికాగో నగర శివారున కాపురముంటున్నారు. వారి పెరట్లో మూడున్నర అడుగుల లోతున్న చిన్న కొలను ఉన్నది. అందులో నారింజరంగు చేపలు ఆరు. వాటికి యజమాని తొమ్మిదేళ్ళ మా మనుమడు. ఆ యేడు వాడిని కొత్త బడిలో చేర్చారు. ఇంకా స్నేహితులు కుదరలేదు. బడి నుండి రాగానే సంచి అరుగు మీద పడవేసి, కొలను దగ్గర కూర్చుని చేపలతో మాట్లాడేవాడు. ఒక్కొక్క దానికీ ఒక్కొక్క పేరు పెట్టుకున్నాడు.

నేను అక్టోబరులో వెళ్ళేసరికి అల్లుడుగారు కొలనుపై వల కప్పుతున్నారు. అక్కడ ఆ కాలంలో చెట్ల ఆకులన్నీ రాలిపోతాయి. అవి నీటిలో కుళ్ళితే ఉన్న ప్రాణవాయువును తినివేసి చెడు వాయువులను వదులుతాయట. నీటి వేడి 10 డిగ్రీల సెల్సియస్ కంటె తగ్గగానే మేత ఆపివేశారు.

"ఆకలితో చచ్చిపోతాయి తాతయ్యా!" అని మనుమడు ఏడుపుముఖం పెట్టాడు.

చేప ఒంటివేడి నీటివేడిని బట్టి ఉంటుంది. నీరు చల్లబడినకొద్దీ దాని గుండె, ఊపిరి, జీర్ణశక్తి అన్నీ నెమ్మదిస్తాయి. అప్పుడు మేత వేస్తే అరగక జబ్బు చేస్తుంది. వేసవిలో ఒంటికి పట్టిన కొవ్వే దానికి చలికాలమంతా ఆహారం. ఇది వాడికి నచ్చజెప్పేసరికి రెండు రోజులు పట్టింది.

డిసెంబరులో కొలను గడ్డకట్టింది. ఇక్కడ సృష్టిలోని ఒక వింత చెప్పాలి. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటె బరువుగా ఉంటుంది. అంతకంటె చల్లబడిన నీరు తేలికై పైకి వస్తుంది, గడ్డకట్టినా పైనే తేలుతుంది. అందుచేత మంచు పైనుండి క్రిందికి పేరుకుంటుంది. తగినంత లోతుంటే అడుగున నీరు నీరుగానే నిలుస్తుంది. చేపలు అక్కడకు చేరి కదలీ కదలక ఉండిపోతాయి. మంచే వాటికి దుప్పటి. ఆ దుప్పటికి ఒక కన్నము మాత్రం తప్పనిసరిగా ఉండాలి. లేకుంటే అడుగున పుట్టిన చెడు వాయువు బయటకు పోదు. అందుకోసం నీటిమీద తేలే చిన్న విద్యుత్ హీటరు పెట్టారు. అది కొలనంతా వేడిచేయదు, పళ్ళెమంత చోటు గడ్డకట్టకుండా చూస్తుంది, అంతే.

జనవరి 30వ తేదీన షికాగోలో చలి సున్నాకు దిగువ 30 డిగ్రీలు దాటింది. బడులు మూసివేశారు. సరిగ్గా ఆ రోజే హీటరు చెడిపోయింది. మేము చూసేసరికి కన్నము మూసుకుపోయి ఉన్నది. మనుమడు గ్యారేజీలోకి పరుగెత్తి సుత్తి తెచ్చాడు. అల్లుడుగారు వాడి చెయ్యి పట్టుకుని ఆపారు. మంచు మీద కొట్టిన దెబ్బ నీటిలో క్రిందిదాకా ప్రాకి, మగతగా ఉన్న చేపలకు హాని చేస్తుందట.

"మామయ్యగారూ, మీరు లోపలే ఉండి నీళ్ళు కాచి ఇవ్వండి చాలు" అన్నారు.

నేను పొయ్యి దగ్గర నిలబడ్డాను. అమ్మాయి వేడినీళ్ళ గిన్నె అందిస్తే, అల్లుడుగారు దానిని మంచు మీద పెట్టి కరగనిచ్చేవారు. చల్లారి అంటుకుపోకముందే తీసివేసి మరొకటి పెట్టేవారు. ఆ చలిలో చర్మం నిమిషాల్లో గడ్డకడుతుంది గనుక, పెట్టి వెంటనే లోపలికి వచ్చేయవలసిందే. సాయంత్రానికి పళ్ళెమంత కన్నము తెరుచుకున్నది. కొత్త హీటరు దొరికేవరకు, రెండు రోజులు, రాత్రి కూడా లేచి లేచి అదే పని.

మనుమడు కిటికీ వదలలేదు. "బ్రతికే ఉన్నాయా తాతయ్యా?" అని అడిగాడు.

"తెలియదు నాన్నా. వాటికి ఊపిరి దారి మాత్రం ఉంచాము" అన్నాను. అంతకంటె చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

మార్చిలో మంచు విడిచింది. ఐదు చేపలు మెల్లగా కదులుతూ కనిపించాయి. ఆరవది అడుగున చచ్చి ఉన్నది. వాడు దానిని పెరట్లో తానే పాతిపెట్టాడు. మిగిలిన ఐదింటికి వెంటనే మేత వేయాలని తొందరపడలేదు. రోజూ నీటిలో ఉష్ణమాపకం ముంచి చూస్తూ, 10 డిగ్రీలు దాటి నిలకడగా ఉన్న తరువాతనే, ఏప్రిల్‌లో, మొదటి గుప్పెడు వేశాడు.

ప్రియ చదువరులారా, చలిదేశాల్లో ఉన్న మీ పిల్లల పెరళ్ళలో ఇటువంటి కొలనులుంటే ఈ సంగతులు వారికి వ్రాయండి. ఆకులు పడనీయవద్దు. చలిలో మేత వేయవద్దు. ఉప్పు చల్లవద్దు. మంచును కొట్టవద్దు. ఒక్క కన్నము మాత్రం ఎన్నడూ మూసుకుపోనీయవద్దు.

మన ఇళ్ళలో కూడా దుఃఖం చేత మాట మానివేసి లోలోపల ఉండిపోయేవారు ఉంటారు. వారిని బలవంతాన తినిపించి, మాట్లాడించి, కదిలించాలని మన చేతులు తొందరపడతాయి. ఆ యేడు మేము కొలనుకు చేసినది చాలా కొద్ది పని. కాని ఆ కొద్దిపాటి పనినే రాత్రింబగళ్ళు మానకుండా చేయవలసి వచ్చింది.