రెండో అర్థం

"మాస్టారూ, బళ్ళో ప్రతి పద్యానికీ అర్థం చెప్పారు. ఈ కాగితానికి కూడా అర్థం చెప్పండి" అంటూ నా పూర్వ విద్యార్థి ఒకడు ఒకనాటి సాయంత్రం ప్రామిసరీ నోటు నకలొకటి నా చేతిలో పెట్టాడు. గురజాల ప్రాంతంలో పొలం కౌలుకు తీసుకొని పత్తి, మిరప పండించే రైతు అతడు. నేను పదవీ విరమణ చేసి అప్పటికి రెండేళ్ళయింది.

అతడు తీసుకున్నది లక్ష రూపాయలు. నోటులో ఉన్నది 1,72,000. వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలు. కాలపరిమితి చట్టం ప్రకారం నోటుకు మూడేళ్ళే గడువు. అది దాటితే దావాకు నిలవదు కనుక, బాకీ తీర్చలేనివాడు గడువులోగా నోటు తిరగరాసి ఇస్తాడు. అలా మొదటి మూడేళ్ళ వడ్డీ 72,000 అసలులో కలిసిపోయింది. రెండో మూడేళ్ళూ నిండవచ్చాయి. ఈసారి తిరగరాస్తే 2,95,840 అవుతుంది. వడ్డీ వడ్డీగానే నిలిచి ఉంటే ఆరేళ్ళకు మొత్తం బాకీ 2,44,000. తేడా 51,840 రూపాయలు.

ఈ నాలుగంకెలు తేల్చడానికి నాకు ఆ రాత్రంతా పట్టిందని చెప్పుకోవడానికి సిగ్గుపడను. సిగ్గుపడింది మరొకందుకు. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో చక్రవృద్ధి అన్న మాట ఉన్నదనీ, ఒక్కమారుగా రాబట్టే వడ్డీ అసలును మించరాదన్న నియమం ఉన్నదనీ భాషాప్రవీణ చదివిన నాటినుంచీ ఎరుగుదును. ఆ చక్రం కింద నా శిష్యుడే నలుగుతున్నాడని మాత్రం ఎరుగను.

మర్నాడు లెక్కను తెల్లకాగితం మీద విడమరచి రాసి, అతణ్ణి వెంటబెట్టుకొని అప్పిచ్చిన పెద్దమనిషి ఇంటికి వెళ్ళాను. ఆయన దుర్మార్గుడేమీ కాడు. కాగితం రెండుమార్లు చదివి, "మా నాన్నగారి నాటినుంచీ ఇలాగే తిరగరాస్తున్నాం మాస్టారూ, ఇంత తేడా వస్తుందని నేనూ లెక్కవేసి చూడలేదు" అన్నారు. చివరికి ఆ తేడాలో సగం, 25,920 రూపాయలు వదులుకున్నారు. ముప్పయ్యేళ్ళ ఉద్యోగంలో ఏ జీతమూ ఇవ్వని తృప్తి, నా జేబులోకి రాని ఆ సొమ్ము ఇచ్చింది.

ఆ వారమే నరసరావుపేట వెళ్ళి, తెలుగు అకాడమీ వారి ఇంటర్మీడియట్ అర్థశాస్త్రం పుస్తకాలు తెచ్చుకున్నాను. ద్రవ్యోల్బణం అన్న మాట కనబడగానే ద్రవ్య, ఉల్బణం, గుణసంధి అని పాత అలవాటు పలికింది. ఉల్బణమంటే అతిశయించినదని తెలుసు. ద్రవ్యం అతిశయిస్తే రూపాయి ఎందుకు పలచబడుతుందో తెలుసుకోవడానికి ఆరునెలలు పట్టింది.

ఈ వయసులో ఇదేం చదువని ఇంట్లో నవ్వారు. అప్పుడు దువ్వూరి సుబ్బారావు గారి జీవితం గుర్తుకు తెచ్చుకున్నాను. ఏలూరులో పుట్టిన ఆయన ఐ.ఐ.టి.లో చదివింది భౌతికశాస్త్రం. 1972లో ఐ.ఎ.ఎస్.లో చేరిన తరువాతనే ఆయన అర్థశాస్త్రం వైపు మళ్ళారు. అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్., ఆ పిదప ఆంధ్ర విశ్వవిద్యాలయంలో డాక్టరేటు. 2008 సెప్టెంబరు 5న రిజర్వు బ్యాంకు గవర్నరు అయ్యేనాటికి ఆయనకు 59 ఏళ్ళు. పదిరోజులకే అమెరికాలో లేమాన్ బ్రదర్స్ కుప్పకూలింది. వారితో నన్ను పోల్చుకోవడం లేదు. ఒక శాస్త్రంలో పండినవాడు మరొక శాస్త్రానికి విద్యార్థిగా వెళ్ళవచ్చునన్న భరోసా మాత్రం తీసుకున్నాను.

వారి హయాంలోనే, 2010 మార్చి నుంచి 2011 అక్టోబరు దాకా, ధరలకు కళ్ళెం వేయడానికి రిజర్వు బ్యాంకు 13 మార్లు రెపో రేటు పెంచింది. 4.75 శాతం 8.5 శాతమయింది. దేశమంతా ఆ పావు శాతాలను చర్చించింది. ఆ కాలంలో మా ఊళ్ళో రెండు రూపాయల వడ్డీ, అనగా ఏటికి 24 శాతం, రెండు రూపాయలుగానే ఉంది. పెద్ద కాలువలో నీరు ఎక్కినా తగ్గినా చివరి మడికి తెలియనట్లు! సాగర్ కుడికాలువ కింద బతికేవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

కారణం వెతికితే దొరికింది. సకాలంలో తీర్చే రైతుకు మూడు లక్షల దాకా పంట ఋణం నాలుగు శాతానికే వచ్చే పథకం ఉన్నది. కాని పాసుపుస్తకం యజమాని పేరిట ఉంటుంది, అప్పు కౌలుదారు చేస్తాడు. 2011 చట్టం ఋణ అర్హత కార్డులన్నది. 2019 చట్టం పంట సాగుదారుల హక్కు పత్రాలన్నది, దానికి యజమాని సంతకం కావాలన్నది. సంతకం పెడితే పొలం పోతుందేమోనని యజమాని జంకు. ఆ జంకు ఖరీదు నాలుగుకూ ఇరవైనాలుగుకూ మధ్యనున్న ఇరవై శాతం. దానిని కట్టేది మాత్రం కౌలుదారు.

ఇప్పుడు సాయంకాలాలు మా అరుగుమీద నోటు నకళ్ళు పట్టుకొని ఒకరిద్దరు వస్తూంటారు. నేను తీర్పు చెప్పను, లెక్క మాత్రం రాసిస్తాను. అన్నీ మొదటిదానివలె సామరస్యంగా తేలవు. కాగితం చించి విసిరినవారూ ఉన్నారు. అయినా నోటు తిరగరాసే ముందు లెక్క అడగాలన్న మాట మెల్లగా ఊళ్ళో పాకుతున్నది.

మీ ఊళ్ళలో నూటికి ఎంత నడుస్తున్నదో, నోటు ఎన్నేళ్ళకు తిరగరాస్తారో దయచేసి రాయండి. నా నోట్‌బుక్కులో పల్నాడు పుట నిండింది. తక్కిన పుటలు ఖాళీగా ఉన్నాయి.

స్వస్తి.