సెల్ఫు తిరుగుతుంది, బండి మాత్రం అందుకోదు

పాత కారు ఇంట్లో ఉన్నవారికి ఈ అవస్థ కొత్తగా చెప్పనక్కరలేదు. తాళం తిప్పితే సెల్ఫు గిర్రున తిరుగుతుంది. ఇంజన్ మాత్రం అందుకోదు. మా ఇంట ఇది 2016 జూలైలో, సరిగ్గా జరగకూడని దినాననే జరిగింది.

మేము ఇద్దరం అన్నదమ్ములం. ఆ ఏడు వేసవిలో మా నాన్నగారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, మాట పడిపోయాయి. ఆ ఉదయం తొమ్మిదింటికల్లా ఆయనను గుంటూరులో డాక్టరుగారికి చూపించాలి. ఆ డాక్టరుగారు నెలకు ఒక్కసారే వస్తారు. మా పల్లె నుంచి నలభై కిలోమీటర్లు. రాత్రంతా వాన. ఆటోలో ఆయన కూర్చోలేరు. ఇంటిముందు ఉన్నదల్లా 1974 నాటి మార్క్-2 అంబాసిడర్. జీపు డ్రైవరుగా పనిచేస్తూ ఆయన పైసా పైసా కూడబెట్టి, 1989లో సెకండుహ్యాండులో కొన్న బండి అది. నిజం ఒప్పుకోవాలి గదా, ఆయనకు తెలియకుండా దానిని అమ్మేయడానికి మేము అప్పటికే ఒక బేరం మాట్లాడి ఉంచాము.

నాన్నగారిని ముందు సీటులో కూర్చోబెట్టి, అమ్మ వెనుక ఎక్కాక తాళం తిప్పాము. సెల్ఫు తిరిగింది. మళ్లీ తిప్పాము. చోకు లాగి, యాక్సిలరేటరు పదిసార్లు తొక్కి, ఆగకుండా తిప్పాము. ఇది బుద్ధిలేని పని. సెల్ఫును ఒక్క విడతలో పది సెకన్లకు మించి తిప్పకూడదు, మధ్యలో కాసేపు ఆగాలి. లేకుంటే బ్యాటరీ దిగిపోతుంది, సెల్ఫు మోటారు వేడెక్కుతుంది. పావుగంటలో మా బ్యాటరీ మూలగడం మొదలుపెట్టింది. పెట్రోలు వాసన గుప్పుమంది. “నీవల్లే” అంటే “నీవల్లే” అని మేము వాదులాడుకున్నాము. అమ్మ వెనుక నుంచి, “ఒరేయ్, నాన్నగారు వింటున్నారురా” అంది.

చిన్నప్పుడు ఆయన మాకు నేర్పిన వరస అప్పుడు గుర్తుకు వచ్చింది. సెల్ఫు జోరుగా తిరిగిందంటే బ్యాటరీ, సెల్ఫు బాగున్నట్టే, ఇక వాటి జోలికి పోవద్దు. ఇంజన్‌కు కావలసినవి మూడు. సరియైన వేళకు నిప్పురవ్వ, గాలితో కలిసిన పెట్రోలు, సిలిండరులో బిగువు. ముందు రవ్వను చూడాలి.

ఒక ప్లగ్గు విప్పాము. తడిసి పెట్రోలు కారుతోంది. అంటే పెట్రోలు వస్తోంది, కావలసినదానికంటే ఎక్కువే వస్తోంది. పొడిగా ఉంటే పంపు, పైపు, కార్బురేటరు వెదకవలసి వచ్చేది. ప్లగ్గు తుడిచి, పెట్రోలు ఆవిరి పోయేదాకా బానెట్ ఎత్తి ఆగి, వైరు తగిలించి, ప్లగ్గు రంధ్రానికి దూరంగా ఇంజన్ ఇనుముకు ఆనించాము. వైరును పొడిగుడ్డతో కూడా ముట్టుకోలేదు, దాని షాకు ఎరుగుదుము. సెల్ఫు తిప్పితే రవ్వ వచ్చింది, గాని పసుపుపచ్చగా, నీరసంగా. టప్పుమని నీలిరంగులో దూకవలసిన రవ్వ అది.

వాన చెమ్మేమోనని డిస్ట్రిబ్యూటరు మూత తీసి లోపల ఆరేదాకా తుడిచాము. తేడా లేదు. కాయిల్ పోయిందని ఒకరము, ప్లగ్గులు మార్చాలని ఒకరము. గుంటూరు నుంచి కాయిల్ తెప్పించే సరికి సాయంత్రమవుతుంది.

అప్పుడు చప్పుడు వినబడింది. నాన్నగారు ఎడమచేతి వేళ్లతో డాష్‌బోర్డు అర మీద కొడుతున్నారు. తెరిచాము. లోపల పాత బిస్కెట్ డబ్బా. అందులో పాయింట్ల సెట్టు, రోటరు, నూనెకాగితంలో చుట్టిన కండెన్సరు, చిన్న గరుకు కాగితం. ఆయన వేలు కండెన్సరు మీద ఆగింది.

పాయింట్లు తెరచి చూస్తే ఒకవైపు చిన్న గుంట, రెండోవైపు మొటిమ. కండెన్సరు చెడితే పాయింట్లు తెరుచుకున్నప్పుడల్లా మెరుపు పుట్టి, ఒకదాని లోహం కరిగి రెండోదానికి అంటుకుంటుంది. ప్లగ్గుకు చేరవలసిన బలం అక్కడే ఖర్చయిపోతుంది. అంతకుముందు వారం బండి ఆగి ఆగి నడిచింది. మేము పట్టించుకోలేదు, పక్కన కూర్చున్న ఆయన పట్టించుకున్నారు.

కండెన్సరుకు ఒక్క మర, ఒక్క వైరు. అయిదు నిమిషాల పని. పాయింట్లు రుద్ది, కామ్ ఎత్తు మీద ఉండగా 0.015 అంగుళం సందు పెట్టాము. ప్లగ్గులన్నీ ఆరబెట్టి బిగించాము. బ్యాటరీ చాలదని ముందునుంచి హ్యాండిల్ పెట్టి తిప్పాము. బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉంచాలి, చుట్టి పట్టుకుంటే ఇంజన్ వెనక్కి తన్నినప్పుడు విరుగుతుంది. రెండో తిప్పుకు నల్లపొగ కక్కుతూ అందుకుంది. నాన్నగారి ముఖంలో ఒక పక్కే నవ్వు కదిలింది. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

తొమ్మిదిన్నరకు చేరాము. డాక్టరుగారు కసిరి, అయినా చూశారు.

ఆ వారమే బేరగాడికి వద్దని కబురుపెట్టాము. ఉత్తరపారాలో అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. సామాన్ల కోసం పాత దుకాణాలు వెదకాలి. పెట్రోలులో ఇథనాల్ కలుస్తున్నందున పాత రబ్బరు పైపులు ఓ కంట కనిపెట్టి ఉండాలి. డబ్బాలో ఇప్పుడు కొత్త కండెన్సర్లు రెండున్నాయి. ఆనాడు చెడిపోయినది కూడా అందులోనే ఉంది. పారేయండిరా అని అమ్మ అంటూనే ఉంటుంది.