బొజ్జ చెప్పే కబురు

ఉప్పాడ జాందానీ నేతలో చేతులకు క్షణం తీరికుండదు. గుంటమగ్గం దగ్గర గంటలకొద్దీ కూర్చునే ఒంటికే కదలిక తక్కువ. 'నేనేమంత లావు?' అనుకోవడం మామూలే. కానీ మన దేశంలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటిన నడుము హెచ్చరికే!

పొట్టకొవ్వు ఊరికే ఉండదు. రక్తంలోకి కొవ్వు ఆమ్లాల్ని వదులుతుంది. ఇన్సులిన్‌కు దన్నుగా నిలిచే అడిపోనెక్టిన్ హార్మోను తగ్గిపోతుంది. దాంతో ఇన్సులిన్ తలుపు తట్టినా కండరాలు తీయవు. క్లోమం మరింత ఇన్సులిన్ తయారుచేసి చేసి అలసిపోయాక బయటపడేదే మధుమేహం.

అదుపు తప్పితే అది కళ్లనీ, నరాల్నీ దెబ్బతీస్తుంది. సన్నని పోగులతో బతికే నేతన్నకు చూపూ వేళ్లే కదా పెట్టుబడి! మధుమేహం అంచున ఉన్నవారు తిండీ నడకా మార్చుకుంటే ముప్పు దాదాపు 28 శాతం తగ్గిందని 2006లో వెలువడిన భారతీయ అధ్యయనం తేల్చింది. మగ్గం వదిలి నడిచే అరగంట కూలి నష్టం కాదు... చూపుకి కట్టే బీమా.