మంచుబిందువు కాదు

నిరుటి శీతకాలంలో ఒకనాటి ఉషస్సున విద్యార్థులతో కలిసి కనకమామిడి పొలాలకు వెళ్ళాము. మాక్రో లెన్సు అమర్చిన కెమెరా మా చేతిలో ఉంది. టమాటా ఆకుల అంచున వరుసగా నిలిచిన నీటిబొట్లను చూచి, "ఇవిగో మంచుముత్యాలు!" అని ఉపన్యాసం ఆరంభించాము. విద్యార్థులలో ఒక రైతుబిడ్డ వినయంగా అన్నాడు: "మంచు గాదు సార్. మంచైతే ఆకు మీదంతా ఉంటది. ఇవి అంచుకే ఉన్నయి."

మోకాళ్ళూని లెన్సులో చూచాము. అంత దగ్గరలో స్పష్టత ఒకటి రెండు మిల్లీమీటర్ల మేరకే. ఊపిరి బిగబట్టవలసి వచ్చింది. ప్రతి బొట్టూ ఈనె కొసనే ఉంది. రాత్రివేళ వేళ్ళు పైకి నెట్టిన నీరు ఆకు అంచులలోని జలరంధ్రాల గుండా వెలికి వస్తుంది. వృక్షశాస్త్రంలో దీనిని బిందుస్రావమంటారు. బొట్టులో పొలమంతా తలక్రిందులై కనిపించింది. గురుశిష్యుల స్థానాలూ అట్లే మారాయి.

పదేళ్ళుగా తరగతిలో ఆకుమీది ప్రతి బొట్టునూ మంచని వర్ణించాము. ఒక్కనాడూ వంగి చూడలేదు. మరునాడు ఆ తరగతిలోనే మా పొరపాటును ఒప్పుకున్నాము. ఛాయాచిత్రం క్రింద ఆ విద్యార్థి మాటలనే వ్రాశాము.

విద్యార్థులారా, వర్ణించుటకు ముందు చూడండి. మేము ఆలస్యంగా నేర్చిన పాఠమిది.