అరకు సంతకు బట్ట ఎక్కడి నుంచి తేవాలి?

అరకు లోయలో బట్టల వ్యాపారం పెట్టాలనుకునేవారు ముందు చూడాల్సింది శుక్రవారం సంత. అక్కడ కొనేవారు రెండు రకాలు. చుట్టుపక్కల గూడేల వారికి మన్నిక, అందుబాటు ధర ముఖ్యం. కాఫీ, మిరియాల డబ్బు చేతికందే రోజుల్లోనే కొనుగోలు జోరందుకుంటుంది. కొండ గుర్తుగా దాచుకోదగ్గ నేత కోసం వెతికేవారు పర్యాటకులు. ఒకే సరుకు ఇద్దరికీ నప్పదు.

పర్యాటకులకు నచ్చే నేత సరిహద్దు అవతలే ఉంది. ఒడిశాలోని కొరాపుట్ జిల్లా కోట్‌పాడ్‌లో మిర్గాన్ నేతగాళ్లు ఆల్ చెట్టు వేరు బెరడుతో నూలుకు రంగు అద్దుతారు. ఆ ఎరుపు, ఆ ముదురు గోధుమ వన్నె ఆ బెరడుతో వచ్చేవే. 2005లో ఈ నేతకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అద్దకానికే వారాలు పడుతుంది కాబట్టి ధర కన్నా ముందు గడువు అడగాలి. భువనేశ్వర్‌లోని బోయనిక సహకార సంస్థ ద్వారా కొనవచ్చు. మగ్గం దగ్గరికి వెళ్లి చూడటం ఇంకా మేలు. ఇటువైపు శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖాదీ ఉంది. అక్కడ వాలుగ చేప దవడ పళ్లతో పత్తి ఏకుతారు, అదెంతో ఓపికైన పని.

రాష్ట్రం దాటిన సరుకు దిగుమతి కిందకు రాదు. విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు కావాలి. విదేశీ సరుకైతేనే ఐఈసీ (దిగుమతి-ఎగుమతి కోడ్) నంబరు అవసరం.

తెచ్చేవారికి ఒక్క విన్నపం: ప్రతి బట్ట మీదా నేసిన ఊరి పేరు రాయించండి.