రికాబులో ఇరుక్కునే పాదం

ముంబైకి చేరువలోని మాథేరాన్ కొండ మీదికి కార్లను రానివ్వరు. దస్తూరీ వద్ద వాటిని వదిలేశాక చాలామంది చూపు గుర్రాల మీదికే మళ్లుతుంది. బేరమాడతారు, గుర్రం సాధువేనా అని రెండుసార్లు అడుగుతారు. కాళ్లకున్న హవాయి చెప్పుల సంగతి మాత్రం గుర్తుకు రాదు.

గుర్రం మీంచి పడటం ఒక ప్రమాదం. పడ్డాక కూడా పాదం రికాబులోనే ఉండిపోవటం అంతకన్నా ఘోరం. బెదిరిన గుర్రం ఆగదు, మనిషిని ఈడ్చుకుపోతుంది. చెప్పులకు, స్పోర్ట్స్ షూలకు విడిగా మడమ ఉండదు గనుక పాదం రికాబులోంచి అవతలికి జారిపోతుంది. పోనీ దిట్టంగా ఉంటాయని ట్రెకింగ్ బూట్లు తొడిగితే మరో చిక్కు. వాటి అడుగున ఉండే లోతైన గాళ్లు ఇనుమును పట్టుకుని ఓ పట్టాన వదలవు.

కావలసింది చీలమండను కప్పే బూటు, నున్నటి అడుగు, దాదాపు అంగుళం మడమ. లేసులు వేలాడకూడదు. జోధ్‌పూర్ పేరుతో ప్రపంచమంతా చెలామణీ అయ్యే పొట్టి బూటు అచ్చం ఇలాంటిదే. మోకాలిదాకా వచ్చే బూట్లు ఫొటోల్లో దర్జాగా ఉంటాయి గానీ అరగంట సవారీకి ఆ ఖర్చు దండగ. అంతకన్నా ఇంట్లో ఉన్న మడమ గల పాత ఆఫీసు బూట్లే నయం. రికాబు మాత్రం బూటు కన్నా ఓ అంగుళం వెడల్పుండాలి. ఇరుకైతే ఎంత ఖరీదైన బూటూ కాపాడదు.

పిల్లల కాళ్లు రికాబుకు అందకపోతే కొందరు పైనున్న తోలు పట్టీల మధ్య దూర్చేస్తారు. అది ఒప్పుకోకూడదు. కాళ్లు వేలాడనిచ్చి, గుర్రం మనిషిని కళ్లెం పట్టుకుని పక్కనే నడవమనాలి.