షోకేసులోని రాతిపువ్వు

మా ఇంటి ముందుగదిలో ఒక షోకేసు ఉంది. అందులో కొండపల్లి అంబారీ ఏనుగు, నాన్నగారికి బడిలో ఇచ్చిన షీల్డు, వాటి మధ్య కొమ్మలు కొమ్మలుగా తెల్లని రాతిపువ్వు ఒకటి. మా చినమావయ్య అండమాన్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో తెచ్చాడట. వచ్చినవాళ్లందరూ దాన్ని చేతిలోకి తీసుకుని, "అబ్బ, ఎంత నాజూగ్గా ఉందో!" అనేవాళ్లు. ఆ మెప్పు మాకే అన్నట్టు మేం పొంగిపోయేవాళ్లం.

2016 మే నెలలో, నేను ఏడో తరగతి పరీక్షలు రాసిన సెలవుల్లో, మావయ్య రమ్మంటే ఇంటిల్లిపాదీ విశాఖపట్నంలో ఓడ ఎక్కాం. అమ్మ డబ్బాల నిండా చేగోడీలు సర్దింది. ఓడ కదిలిన గంటకే ఎవరికీ తిండి ధ్యాస లేకుండా పోయింది. ఎలాగో పోర్ట్ బ్లెయిర్ చేరాం. (2024లో ఆ ఊరి పేరును శ్రీ విజయపురం అని మార్చారు.) రేవులో తెలుగు మాటలు వినబడేసరికి అమ్మకు ప్రాణం లేచొచ్చింది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వలస వెళ్లి స్థిరపడ్డ మనవాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు.

మర్నాడు వండూర్ రేవు నుంచి జాలీబాయ్ దీవికి వెళ్లాం. 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయ పార్కులో అదొక చిన్న దీవి. పడవ ఎక్కకముందే మా సంచులు వెతికి ప్లాస్టిక్ కవర్లన్నీ తీయించారు. చేగోడీలు నాన్నగారి కండువాలోకి మారాయి.

దీవి దగ్గర అడుగున అద్దం బిగించిన చిన్న పడవలోకి దిగాం. పడవ నడిపే ఆయనది సోంపేట దగ్గర పల్లె. అద్దం కింద వేరే లోకం! నారింజరంగు మీద తెల్ల చారల చేపలు; నీలి పెదవులు విప్పుకున్న పెద్ద ఆల్చిప్ప; పగడాన్ని కొరికి తిని, దాన్నే ఇసుకగా విసర్జించే చిలకచేప. ఇంతలో ఒకచోట అడుగంతా మల్లెలు పరిచినట్టు తెల్లగా మెరిసింది.

"ఎంత అందంగా ఉందో! మన షోకేసులోది అచ్చం ఇలాగే ఉంటుంది" అంది అమ్మ. వెంటనే తన ఉంగరం చూసుకుని, "పగడం అంటే ఎర్రగా కదా ఉండాలి?" అని అడిగింది.

పడవాయన తెడ్డు ఆపాడు. "అది అందం కాదమ్మా, జబ్బు. నీళ్లు ఏడెక్కిపోనాయి. ఒంటి రంగు పోయి ఎముక అవుపిస్తంది. 2010లోనూ ఇలాగే అయినాది."

పడవలో ఎవరూ మాట్లాడలేదు. మావయ్య సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు.

దాని శాస్త్రం నాకు ఈ కాలేజీలో జువాలజీ క్లాసుకు వచ్చాకే తెలిసింది. ప్రవాళాలు రాళ్లు కావు. సూదిమొనంత నోళ్లున్న జీవుల కాలనీలు. వాటి ఒంట్లో కాపురముండే సూక్ష్మ శైవలాలే వాటికి రంగు, చాలామటుకు తిండి కూడా. వేసవిలో ఉండే వేడి మీద ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు నిలిచినా ప్రవాళం ఆ శైవలాలను బయటికి వెళ్లగొడుతుంది. అప్పుడు సున్నపు అస్థిపంజరం తెల్లగా బయటపడుతుంది. త్వరగా చల్లబడితే కోలుకోవచ్చు, లేకుంటే చావే. బండరాయిలా పెరిగే రకాలు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతాయి. ఇక అమ్మ ఉంగరంలోని ఎర్ర పగడం వేరే జాతి; ముఖ్యంగా మధ్యధరా సముద్రంలో దొరుకుతుంది.

ఆ రోజు ఒడ్డున నాకో విరిగిన కొమ్మ దొరికింది. అంతా విని కూడా దాన్ని నిక్కరు జేబులో దాచాను. స్నేహితులకు చూపించుకోవద్దూ! తిరిగి పడవ ఎక్కేవేళ చెల్లి చూసి అరిచింది. నాన్నగారు కోప్పడలేదు. "ఎక్కడ తీశావో అక్కడే పెట్టి రా" అన్నారు.

"మరి మనింట్లోది?" అన్నాను ఉక్రోషంగా.

నాన్నగారు నన్ను చూశారు, మావయ్యను చూశారు. "అది తప్పేరా" అన్నారు నెమ్మదిగా. బడిలో అందరి తప్పులూ దిద్దే మా నాన్నగారు తన తప్పు ఒప్పుకోగా నేను మొదటిసారి విన్నాను. నోరెత్తకుండా వెళ్లి కొమ్మను ఇసుకలో పెట్టి వచ్చాను.

ఆ రాతిపువ్వు ఇంకా షోకేసులోనే ఉంది. పారేస్తే మాత్రం బతికొస్తుందా? ఎవరైనా చేతిలోకి తీసుకుంటే అమ్మ, "రాయి కాదండీ, అవి ఎముకలు" అంటుంది. వాళ్లు గభాలున కింద పెట్టేస్తారు.

మన డిపార్ట్‌మెంటు మ్యూజియం బీరువాలోనూ అలాంటి కొమ్మ ఒకటి ఉంది. ఇప్పుడు ఎమ్మెస్సీకి వచ్చినా, దాని ముందు నుంచి వెళ్లేటప్పుడు నాకు తెలియకుండానే చేతులు జేబుల్లోంచి బయటికి వస్తాయి.